పంజగుట్టలో పుట్టిన జర్మనీ గిటార్

ఓదెలన్నతో ఎవరైనా చెయ్యి కలిపితే ఆయన ఒక పట్టాన వదిలేవాడు కాదు. మొదటిసారి నాకూ అదే అయింది. అది 2003 వేసవి. పంజగుట్ట సాయిబాబా గుడి వెనక సందులో రేకుల షెడ్డు, గుమ్మం దాకా రంపపు పొట్టు. నా చెయ్యి పట్టుకుని, బొటనవేలు అటూ ఇటూ వంచి, అరచెయ్యి వెలుతురు వైపు తిప్పి, "వేళ్లు పొడుగున్నయ్ గని బొటనేల్ల బలం లేదు తమ్మీ. నీకు సన్న మెడ గావాలె" అన్నాడు. నేను వెళ్లింది మెడ విరిగిన గిటార్ బాగుచేయించుకుందామని. గిటార్ చూడమంటే చెయ్యి చూసి జాతకం చెబుతున్నాడేంటి అనుకున్నాను.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో తప్పు నాది. పేరు వంశీధర్, ఊరు తెనాలి. ఇంజనీరింగ్ అవగానే అందరితో పాటు సాఫ్ట్‌వేర్ కోర్సుకని అమీర్‌పేటలో దిగి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నలుగురుండే గదిలో ఐదోవాడిగా చేరాను. నేను కోర్సు పూర్తిచేసేసరికి ఆ కోర్సుకు గిరాకీ పోయింది. నేర్పిన ఇన్‌స్టిట్యూట్ వాళ్లే జాలిపడి, మైత్రీవనం పక్క సందులోని తమ ఆఫీసులో నన్ను రెజ్యూమేలు రాసే పనిలో పెట్టుకున్నారు. ఆ పనిని మేం 'ఎక్స్‌పీరియెన్స్ పెట్టడం' అనేవాళ్లం. నిన్నగాక మొన్న కాలేజీ దాటినవాడికి మూడేళ్ల అనుభవం ఉన్నట్టు ఒక కంపెనీ, ఒక ప్రాజెక్టు, ఒక మేనేజరు పుట్టించి ఇవ్వడం. తర్వాత వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని తర్ఫీదు ఇవ్వడం. ఎవరు ఫోన్ చేసినా, ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా మాట మార్చకూడదు. అడిగినవాడు మంచివాడు కదా అని మెత్తబడకూడదు. ఈ విద్యలో నాకు మంచి పేరుండేది. నా దగ్గర రాయించుకున్నవాడు దొరికిపోయాడన్న మాట లేదు. అది చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి కూడా.

కాలేజీ బ్యాండులో నేను వాయించింది బాస్ గిటార్. మామూలు గిటార్ కన్నా మెడ పొడవు, నాలుగే తీగలు, అవీ లావు. పాటలో అది ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. తీసేస్తే మాత్రం పాట బోసిపోతుంది. అమీర్‌పేటకు వచ్చాక కూడా దాన్ని వదల్లేదు. ఆదివారాలు నలుగురం చేరి వాయించుకునేవాళ్లం. వారం మొత్తంలో నేను నిజంగా చేసిన పని అదొక్కటే.

ఓదెలన్నది పెద్దపల్లి దగ్గర పల్లె. తండ్రి రాజనర్సయ్య ఊరందరికీ నాగళ్లు, బండి గిర్రలు చేసిన వడ్లాయన. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని పోయింది. పెళ్లయిన ఏడాదికే భార్య సుకన్యను తీసుకుని ఓదెలన్న పట్నం చేరాడు. అమీర్‌పేటలో కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లకు కిటికీలు, అల్మారాలు బిగించాడు. ఒకసారి పంజగుట్టలో వాయిద్యాలు అమ్మే దుకాణానికి బల్లలు చెయ్యడానికి వెళ్తే, యజమాని మెడ విరిగిన బాస్ గిటార్ ఒకటి చూపించి అతకగలవా అన్నాడట. అతికాడు. సరిగ్గా అతికిందో లేదో చూద్దామని యజమాని దాన్ని స్పీకరుకు తగిలించి ఒక్క తీగ మీటాడు. "గది చెవుల గాదు తమ్మీ, కడుపుల వినవడ్డది. చేతుల సుత్తె కింద వెట్టి నిలవడ్డ" అని ఓదెలన్న ఆ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పాడో. అప్పటినుంచి పెళ్లి ఆర్కెస్ట్రాల వాళ్లకు గిటార్ మెడలు అతకడం, చేతికి తగ్గట్టు చెక్కివ్వడం కూడా పనిలో చేరింది. బాస్ అంటేనే ఎందుకంత ఇష్టం అని అడిగితే, "సన్న తీగలు ఊకె లొల్లి వెడ్తయ్. దొడ్డు తీగ అట్ల గాదు, మాట మీద నిలవడ్తది" అన్నాడు.

నా విరిగిన గిటార్‌ను తిరగేసి చూసి, "గిది అతికినా నిలవది. నీకొకటి చేస్త" అన్నాడు. అప్పటికి ఆయన గిటార్ మొత్తంగా ఒక్కటీ చెయ్యలేదు. చెక్కడం మొదలుపెట్టే ముందు నా చేతిలో జానెడున్నర పొడవున్న తెల్ల కర్ర ఒకటి పెట్టాడు. గొడ్డలికీ పారకూ వేసే కామ, అంటే పిడి, అప్పుడే చెక్కింది. "పది దినాలు గిది వట్టుకొని తిరుగు. తినేటప్పుడు, పండేటప్పుడు తప్ప చేతిలకెల్లి ఇడువకు" అన్నాడు. హాస్టల్లో అందరూ నన్ను చూసి నవ్వారు. ఇంటర్వ్యూ వాళ్లను కొట్టడానికి వెళ్తున్నావా అని ఒకడు అడిగాడు.

పది రోజుల చెమట, మురికి కలిసి తెల్ల కర్ర మీద మరక పడుతుంది. బొటనవేలు ఎక్కడ ఆనుతుందో, అరచెయ్యి ఎక్కడ తగలకుండా ఉంటుందో అందులో తెలుస్తుంది. వాళ్ల నాన్న ఊళ్లో కూలీల పారలకు అలాగే కామలు చెక్కేవాడట. కొత్త కామ ఇచ్చి నాలుగు రోజులు పని చెయ్యనిచ్చి, మరక చూసి మళ్లీ చెక్కేవాడు. ఆ పార పట్టినవాడి చేతికి బొబ్బలు రావు. ఓదెలన్న గిటార్ మెడను ఆ మరకను బట్టి చెక్కేవాడు. అందుకే ఆయన చేసిన బాస్ మొదటిసారి పట్టుకున్నప్పుడే, ఎన్నో ఏళ్లుగా నా దగ్గర ఉన్నదేదో తిరిగి నా చేతికి వచ్చినట్టనిపించింది.

చెక్క అంగట్లో కొనేవాడు కాదు. అమీర్‌పేటలో పాత పెంకుటిళ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్న రోజులవి. ఇల్లు కూల్చిన చోటికి పోయి, టేకు దూలాలను వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. నలభై ఏళ్లు కప్పు కింద ఎండిన దూలం ఇక వంగదు, పగలదు. అలాంటిది దొరికిన రోజు వేరే పని మానేసేవాడు. గిటార్ ఒంటిని లోపల గుల్ల చేసి బరువు తగ్గించి, మెడ మీద నల్లటి జిట్రేగి చెక్క పలక అతికి, రంగు వెయ్యకుండా అవిసె నూనె పట్టించి గుడ్డతో రుద్దేవాడు. భుజానికి తగిలించుకుని రెండు చేతులూ వదిలేస్తే చాలా గిటార్లు, ఖరీదైనవి కూడా, మెడ బరువుకు నేల వైపు వాలిపోతాయి. ఓదెలన్నది వాలేది కాదు. రెండు గంటలు నిలబడి వాయించినా భుజం నొప్పి తెలిసేది కాదు.

అయితే ఆ గిటార్‌కు గొంతు ఇచ్చింది సుకన్య వదిన. తీగల కింద అయస్కాంతాలుంటాయి, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ కొన్ని వేలసార్లు చుట్టి ఉంటుంది. పైన తీగ కదిలితే ఆ కదలిక ఈ చుట్టలోంచే స్పీకరుకు పోయి మోతవుతుంది. వదిన పెళ్లికి ముందు నుంచీ ఫ్యాన్లు, మోటార్లు వైండింగ్ చేసే పని తెలిసిన మనిషి. పాత కుట్టుమిషన్‌కు అయస్కాంతం బిగించి, ఎడమ చేత్తో చక్రం తిప్పుతూ కుడిచేతి వేళ్ల మధ్య నుంచి తీగ వదిలేది. ఫ్యాక్టరీలో చుట్టినవి ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉంటాయి. వదిన చుట్టింది కొంచెం అటూ ఇటూ పోతుంది, ఒక వరస మీద ఇంకో వరస అడ్డంగా పడుతుంది. మజా అంతా ఆ తేడాలోనే ఉంది. మోత నిండుగా వస్తూనే చివర్లో కాస్త గరుకు తగులుతుంది, జొన్నరొట్టె అంచు కాలిన రుచిలాగా. మధ్యలో తీగ తెగితే అతికేది కాదు, మొత్తం తీసేసి మొదటి నుంచీ చుట్టేది. చుట్టేటప్పుడు ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు, ఓదెలన్నతో సహా.

ఇంత గొప్ప వస్తువు నా చేతికొచ్చాక నేను చేసిన మొదటి పని అబద్ధం చెప్పడం. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వార్షికోత్సవంలో వాయించడానికి వెళ్లాం. ప్రోగ్రాం అయ్యాక నలుగురైదుగురు నా చుట్టూ చేరి, ఈ బాస్ ఏ కంపెనీది, ఎక్కడ కొన్నావు అని అడిగారు. వాళ్ల మెడల్లో ఐడీ కార్డులున్నాయి. నా మెడలో ఏమీ లేదు. పంజగుట్టలో కిటికీలు చేసే ఆయన చేశాడని నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే గిటార్ విలువా నా విలువా ఒక్కసారే పడిపోతాయనిపించింది. "జర్మనీదండి. గ్రుబెన్ అని ఒక ముసలాయన, ఏడాదికి ఆరే చేస్తాడు" అన్నాను. ఆ గ్రుబెన్ ఎవరో నాకూ తెలీదు. రోజుకు ఇద్దరు మేనేజర్లను పుట్టించే నోటికి ఒక ముసలాయన లెక్కలోకి రాడు.

అడిగినవాళ్లలో ప్రమోద్ ఒకడు. ఆ కంపెనీలోనే టీమ్ లీడ్, ఏలూరు వాడు, మంచివాడు. నా గిటార్ తీసుకుని ఐదు నిమిషాలు వాయించి, కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాడు. "ఎన్ని నెలలైనా ఆగుతాను. నాకొకటి తెప్పించండి వంశీగారూ" అన్నాడు. వారం తిరక్కుండా ఓదెలన్న దగ్గర తెల్ల కామ ఒకటి తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాను. గ్రుబెన్‌గారి పద్ధతి ఇది, పది రోజులు పట్టుకుని తిరిగితే కొరియర్‌లో జర్మనీ పంపాలి అని చెప్పాను. పాపం, ప్రమోద్ మీటింగుల్లో కూడా గొడ్డలి పిడి పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ల మేనేజరు ఆ పది రోజులూ ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేదని ఆఫీసంతా చెప్పుకుని నవ్వారట. "చూశారా, జర్మన్లు ఎంత శాస్త్రీయంగా ఆలోచిస్తారో!" అని ప్రమోద్ నాతో అన్నాడు. రాజనర్సయ్య ఊరి కూలీల కోసం చేసిన పని అది. నేను అవునని తలూపాను.

ఆ గిటార్ తల మీద అతికించడానికి గ్రుబెన్ పేరుతో బంగారు రంగు స్టిక్కర్ వేయించాను. మా ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్లు అచ్చేసే చోటే వేసిచ్చారు. షెడ్డుకు తీసుకెళ్తే ఓదెలన్న దాన్ని వేలి కొసన పట్టుకుని, "గిదేంది తమ్మీ?" అన్నాడు.

"జర్మనీ పేరన్నా. మా దగ్గరికొచ్చే పిల్లలకు పనొచ్చినా సరే, ఎక్స్‌పీరియెన్స్ లేకపోతే ఎవడూ గుమ్మం తొక్కనివ్వడు. అందుకే పెడతాం. నీ గిటార్‌కూ అంతే. ముందు లోపలికి వెళ్లనీ. నలుగురి చేతుల్లో పడ్డాక, చేసింది నువ్వేనని నేనే చెబుతాను."

"పని రానోనికి వెడితె దగా గని, వచ్చినోనికి వెడితె ఏమైతది తియ్" అన్నాడు ఓదెలన్న. నేను కష్టపడి నమ్మించే అవసరం లేకుండా ఆయనే నాకు సాకు వెతికిపెట్టాడు.

సుకన్య వదిన మాత్రం తిప్పుతున్న చక్రం ఆపేసింది. పని మధ్యలో ఆవిడ నోరు తెరవడం నేను చూడటం అదే మొదలు. "మనం కన్న పిల్లకు ఎవనిదో ఇంటిపేరు వెడ్తరా? ఎన్ని దినాలు వంశీ?" అని అడిగింది.

"ఒక్క ఏడాది వదినా" అన్నాను.

ఆ సాయంత్రమే ఓదెలన్నకు తర్ఫీదు ఇచ్చాను. మా దగ్గరికొచ్చే వాళ్లను కూర్చోబెట్టినట్టే ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాను. ఎవరైనా వచ్చి ఈ గిటార్ నువ్వే చేశావా అని అడిగితే ఏం చెప్పాలి? "నేను కిటికీలు, తలుపులు చేస్త. గిటార్లు విరిగితె అతుకుత. గంతె." గట్టిగా అడిగితే? "గదే మాట." ఆశ పెడితే? "గదే మాట." నేనే వచ్చి అడిగితే? ఓదెలన్న నవ్వి, "నువ్వడిగితె సుత గదే మాట" అన్నాడు. శభాష్ అని భుజం తట్టాను.

2005లో ప్రమోద్ చేతికి గ్రుబెన్ గిటార్ అందింది. తర్వాత అతని స్నేహితులిద్దరికీ అందాయి. నాదీ ఆ మూడూ కలిపి ఓదెలన్న చేసిన గిటార్లు మొత్తం నాలుగు. వచ్చిన డబ్బంతా ఆయనకే ఇచ్చాను, ఒక్క రూపాయి ముట్టలేదు. ఈ మాట నాకు నేను ఎన్నేళ్లు చెప్పుకున్నానో. నేను తీసుకున్నది వేరే ఉంది. ఆ గిటార్ల పుణ్యమా అని ప్రమోద్‌కు నామీద గురి కుదిరింది. నా రెజ్యూమే వాళ్ల కంపెనీలో ఇచ్చి, బాగా తెలిసిన మనిషి అని హామీ ఇచ్చాడు. అందులో నాకు నేనే పెట్టుకున్న మూడేళ్లున్నాయి. 2006 జనవరిలో నా మెడలోనూ ఐడీ కార్డు పడింది. అది ప్రమోద్ ఇప్పించిన ఉద్యోగమని ఓదెలన్నకూ చెప్పాను.

ఆ ఏడాదే ఒక రోజు ఓదెలన్న కాస్త మొహమాటపడుతూ అడిగాడు. "తమ్మీ, మనది పెద్ద స్పీకర్ల మీద, అందరితోని కలిసి వాయిస్తె ఎట్లుంటదో ఒక్కపారి వినాలె." ప్రమోద్ బ్యాండు అమీర్‌పేటలో ఒక ఫంక్షన్ హాల్లో వాయిస్తుంటే ఇద్దరినీ రమ్మన్నాను. ఓదెలన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, వదిన పట్టుచీర కట్టుకుంది. చివరి వరస దాటి, ప్లేట్లు పేర్చిన బల్ల పక్కన నిలబెట్టి, స్టేజీ దగ్గరకు రావద్దన్నా, ఎవరితోనూ మాట్లాడకు అని చెప్పి నేను ముందు వరసలో కూర్చున్నాను. రెండు పాటలయ్యాక ప్రమోద్ మైకు పట్టుకుని, ఈ మోత బాగుందా, ఇది జర్మనీలో ఒక మహానుభావుడు చేశాడు, ఆయనకు చప్పట్లు కొట్టండి అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. ఓదెలన్న అందరితో పాటు చప్పట్లు కొడుతున్నాడు. వదిన చేతులు పైట కింద ఉన్నాయి. ప్రోగ్రాం అయ్యి అందరం బయటికి వెళ్తుంటే నా పక్క సీటాయన, వాళ్లెవరండీ మీకు చెయ్యి ఊపారు అని అడిగాడు. "మా ఫ్లాటుకు పని చేసే కార్పెంటర్" అన్నాను.

ఆ తర్వాత పంజగుట్ట వెళ్లడం తగ్గించాను. వదినకు చెప్పిన ఏడాది దాటిపోయింది. వెళ్లినప్పుడల్లా ఆవిడ నా వైపు ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా చాయ్ పెట్టేది. అడిగి తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఓదెలన్న మాత్రం "నౌకరి మంచిగున్నదా తమ్మీ? జర పైలం" అనేవాడు.

2007 వానాకాలంలో ప్రమోద్ గిటార్ గరగరమనడం మొదలుపెట్టింది. నేను అప్పుడు తెనాలిలో ఉన్నాను. వాయిద్యాల దుకాణం వాళ్లు మరమ్మతు చేసే మనిషంటూ ఓదెలన్న అడ్రస్ ఇచ్చారు. తిరిగొచ్చాక ఆఫీసు క్యాంటీన్లో ప్రమోద్ నాకు చెప్పాడు. "ఫారిన్‌ది, జాగ్రత్త అన్నాను. అట్లనే సార్, మెల్లగ వట్టుకుంట అన్నాడు. కానీ ఒక్క స్క్రూ కోసం కూడా వెతుక్కోలేదండీ. ఏది ఎక్కడుందో ముందే తెలిసినట్టు విప్పాడు. గోడకు చూస్తే తెల్ల పిడులు, మరకలు పడ్డవి, వరసగా వేలాడుతున్నాయి." ఆర్కెస్ట్రా వాళ్లవి అవి. ప్రమోద్ పిడి వాటిలో లేదు, పని కాగానే నేనే తీసుకెళ్లి పారేశాను. అలాంటి జాగ్రత్తల్లో నేనెప్పుడూ లోటు చెయ్యలేదు.

"వంశీగారూ, దీన్ని చేసింది ఆయనేనా?" అని అడిగాడు ప్రమోద్.

"ఛఛ, ఏం మాటలండీ" అన్నాను. ఆలోచించే లోపే నోరు పని కానిచ్చేసింది.

అతను వదల్లేదు. బెంగళూరులో అతని స్నేహితుడు సంగీత పాఠశాల పెట్టాడు. ప్రమోద్ గిటార్ చూసి అలాంటివి పన్నెండు కావాలంటున్నాడు, చేసినాయన పేరు వాటి తల మీద చెక్కించి నలుగురికీ చూపిస్తానంటున్నాడు. "ఆయనే అయితే నాకు కోపం రాదండీ, సంతోషం. జర్మనీ దాకా ఎందుకు, మన పక్క సందులోనే ఉన్నాడని చెప్పుకుంటాను. ఆదివారం మీరూ రండి, ఇద్దరం వెళ్లి అడుగుదాం" అన్నాడు.

గిటార్ విషయంలో ప్రమోద్‌కు కోపం రాదు, నాకు తెలుసు. కానీ గిటార్‌కు లేని పుట్టుక రాసినవాడు తన రెజ్యూమేలో ఏం రాసుకున్నాడో అని అతనికి ఒక్కసారి తోస్తే నా పని అయిపోతుంది. హామీ ఇచ్చిన పాపానికి అతని పరువూ పోతుంది. శనివారమంతా ఇదే ఆలోచన. ఇంకోవైపు ఫంక్షన్ హాల్లో చప్పట్లు కొట్టిన ఓదెలన్న చేతులు కళ్ల ముందు నుంచి పోలేదు. పన్నెండు గిటార్లు, వాటి మీద ఆయన పేరు. ఆదివారం ఉదయానికి చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. ఉద్యోగం పోతే పోనీ, మళ్లీ ఎస్.ఆర్. నగర్ హాస్టల్ ఎలాగూ ఉంది. అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా ఆటో ఎక్కకుండా నడిచాను. చెప్పాల్సిన మాట దారి పొడుగునా నోట్లో తిప్పుకున్నాను. ప్రమోద్ గారూ, దీన్ని చేసింది ఓదెలన్న, తీగ చుట్టింది సుకన్య వదిన, అబద్ధమాడింది నేను.

నేను వెళ్లేసరికే ప్రమోద్ కారు సందు మొదట్లో ఆగి ఉంది. అతను షెడ్డులో గిటార్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఓదెలన్న స్టూలు తుడిచి వేస్తున్నాడు. వదిన మూలన మిషన్‌కు ఏదో బిగించి చుడుతోంది. నన్ను చూడగానే ప్రమోద్ ఇక ఆగలేదు.

"ఓదెలుగారూ, సూటిగా అడుగుతున్నాను. ఈ గిటార్ చేసింది మీరేనా?"

ఓదెలన్న నా వైపు చూశాడు. నేను తలూపితే చాలు. కనీసం నోరు తెరిస్తే చాలు. దారంతా తిప్పుకున్న మాట పెదాల దాకా వచ్చి ఆగింది.

"నేనెక్కడ సార్" అన్నాడు ఓదెలన్న. "నేను కిటికీలు, తలుపులు చేస్త. గిటార్లు విరిగితె అతుకుత. గంతె."

"మరి గోడకున్న ఆ పిడులు?"

"పారకామలు సార్. మా నాయిన నేర్పిన పని. ఎవ్వలన్న వస్తె అమ్ముత."

ప్రమోద్ బెంగళూరు సంగతంతా చెప్పాడు. పన్నెండు గిటార్లు, అన్నిటి మీదా ఓదెలు అన్న పేరు. "మీరు ఊఁ అంటే చాలు. మీ పేరు నాలుగు ఊళ్లలో తెలుస్తుంది" అన్నాడు. ఓదెలన్న చెయ్యి గిటార్ మీదికి పోయింది. మెడ వెనక, ప్రమోద్ బొటనవేలు ఆనే చోట తను చెక్కిన పల్లం మీద వేలు ఒకసారి పోనిచ్చాడు. మిషన్ చక్రం ఆగిపోయింది. వదిన ఆయన్నే చూస్తోంది.

"మస్తు పనితనం సార్ గిది" అన్నాడు ఓదెలన్న. "గిసుంటియి మా అసుంటోళ్లతోని గాదు."

ఆ మాట విన్నప్పుడు నాకేమనిపించిందో దాచకుండా రాయాలి, లేకపోతే ఇదంతా నేను రాసిన ఇంకో రెజ్యూమే అవుతుంది. నాకు హాయిగా అనిపించింది. పొద్దుటి నుంచీ గుండెల మీదున్న బరువు దిగింది. ఆయనే లేదన్నాక నేనేం చెప్పను అని సర్దుకున్నాను. ప్రమోద్ నా వైపు తిరిగి, "సారీ వంశీగారూ, మిమ్మల్ని అనవసరంగా అనుమానించాను" అన్నాడు. "పర్లేదండీ" అన్నాను. అతను ఓదెలన్నకు నమస్కారం పెట్టి, గిటార్ సంచీలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కారు సందు మలుపు తిరిగేదాకా ఓదెలన్న గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి, ఇంకా ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించాడు.

"మంచిగ చెప్పిన్నా తమ్మీ? నీ నౌకరికి దెబ్బ తాకుతదేమోనని మస్తు భయమైంది."

ఎత్తిపొడుపేమో అని ఆయన మొహంలో వెతికాను. ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

మూలన సుకన్య వదిన సగం చుట్టిన తీగను కత్తిరించి, మిషన్ మీద గుడ్డ కప్పి, లోపలికి వెళ్లిపోయింది. ఓదెలన్న అటు చూడలేదు. నా జవాబు కోసం నా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"బాగా చెప్పావన్నా" అన్నాను.